ఉగ్రదాడి తర్వాత నమ్మకం, నిలబడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

ముందే ఒక మాట చెప్పేస్తా. నేను సైకాలజిస్టుని కాను, మత గురువుని అసలే కాను. ఒక బాంబు మా అన్నయ్యని తీసుకుపోయింది, అంతే నా అర్హత. ఎక్కడ ఎప్పుడు అన్నది రాయను, రాస్తే చదివేవాళ్ళు ఆ ఊరి గురించి వెతుక్కుంటూ పోతారు, తమ సంగతి మర్చిపోతారు. ఆ తర్వాత ఇన్నేళ్ళలో జనం నన్ను అడిగినవి, నేను ఇంకొకళ్ళని అడిగినవి, రాత్రి రెండింటికి ఫ్యాన్ చూస్తూ నన్ను నేనే అడుక్కున్నవి కలిపి ఇక్కడ పెడుతున్నా. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి వెళ్ళిపోండి.

ఇప్పుడే జరిగింది. ఏమీ తోచట్లేదు. ఇప్పుడు దేవుడి గురించి ఆలోచించాలా?

వద్దు. ఇప్పుడు నీళ్ళు తాగండి. ఒంటరిగా ఉంటే ఎవరినైనా పిలవండి. మనవాళ్ళలో ఎవరు ఎక్కడున్నారో తెలుసుకోండి, తెలుసుకునే పని కూడా మీరే చెయ్యక్కర్లేదు, ఫోన్ ఇంకొకళ్ళ చేతికివ్వండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇలాంటి సమయాల కోసం ఒక గైడ్ తెచ్చింది, అందులో సారం మూడు ముక్కలు: చూడటం, వినడం, కలపడం. అంటే ఎవరికి ఏం అవసరమో చూడాలి, వాళ్ళు చెప్పింది వినాలి, కావాల్సిన సాయంతో, సొంత మనుషులతో కలపాలి. అంతే. ఇందులో ఉపదేశం ఎక్కడా లేదు చూడండి.

ఇంకోటి, జరిగిన రోజో మర్నాడో మిమ్మల్ని కూర్చోబెట్టి "మొత్తం పూసగుచ్చినట్టు చెప్పు, చెప్తే బరువు దిగుతుంది" అని ఎవరైనా ఒత్తిడి చేస్తే చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు ఇలా ఒక్క సిట్టింగ్‌లో అంతా కక్కించేయడం మంచిదనుకునేవాళ్ళు, దానికి డీబ్రీఫింగ్ అని పేరు. తర్వాత పరిశోధనలన్నీ కలిపి చూస్తే అది తర్వాత వచ్చే ఇబ్బందుల్ని ఆపట్లేదని, కొంతమందికి ఇంకా చెడు చేయొచ్చని తేలింది, అందుకే ఇప్పుడు దాన్ని సిఫార్సు చెయ్యట్లేదు. మీకై మీకు చెప్పాలనిపిస్తే మాత్రం చెప్పండి, అది వేరే సంగతి.

నిద్ర పట్టట్లేదని ఇంట్లో ఎవరిదో అల్ప్రజోలం మాత్ర, అదే ఆందోళన తగ్గడానికి ఇచ్చే మత్తు మాత్ర, తీసి వేసుకోకండి. అలాంటి మాత్రల్ని దుర్ఘటన జరిగిన మొదటి నెలలో షాక్ తగ్గించడానికి ఇవ్వొద్దని అదే ఆరోగ్య సంస్థ 2013లో డాక్టర్లకే చెప్పింది. ముందు నుంచీ డాక్టర్ రాస్తే వాడుతున్నవాళ్ళు మాత్రం సడన్‌గా ఆపేయకూడదు.

నాకు ఏడుపు కూడా రావట్లేదు, మామూలుగానే ఉన్నా. నాలో ఏదైనా లోపమా?

లేదు. చుట్టూ ఉన్నవాళ్ళకి మీరు కుప్పకూలితే గానీ మీ ప్రేమ మీద నమ్మకం కుదరదు, అది వాళ్ళ ఇబ్బంది. న్యూయార్క్‌లో 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత జార్జ్ బొనానో అనే సైకాలజిస్టు, ఆయన బృందం ఆ ప్రాంతంలో 2,700 మందికి పైగా జనం మీద చేసిన స్టడీలో, ఆరు నెలల తర్వాత దాదాపు 65 శాతం మందికి పీటీఎస్‌డీ, అంటే ఘోరం చూశాక మనసుని వదలకుండా పట్టుకునే జబ్బు, దాని లక్షణాలు అసలు లేవు లేదా ఒక్కటే ఉంది. దాడికి బాగా దగ్గరగా ఉన్న గుంపుల్లో ఈ శాతం తగ్గింది గానీ మూడో వంతు కంటే కిందికి ఎక్కడా పోలేదు. అంటే మనిషి తట్టుకోవడం ఏదో మహాపురుషులకే దక్కే అరుదైన వరం కాదన్నమాట, చాలామందికి ఉండేదే.

ఈ లెక్కని తిరగేసి కూడా చదవాలి కదా. అంత దగ్గరగా చూసినవాళ్ళలో చాలామంది తట్టుకోలేకపోయారు కూడా. ఆ గుంపులో మీరుంటే అది మీ బలహీనత కాదు, మీ భక్తి తక్కువై కాదు.

మరి డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి?

జరిగింది పదే పదే కళ్ళముందు ఆడటం, టైరు పేలినా గుండె గొంతులోకి రావడం, ఆ దారిన పోలేకపోవడం, మనుషులంటే మొద్దుబారిపోవడం, ఇవి మొదటి వారాల్లో చాలామందికి ఉంటాయి, చాలామందికి తగ్గిపోతాయి కూడా. నెల దాటినా తగ్గకుండా బతుకుని ఆపేస్తుంటే వెళ్ళండి. జరిగినదాన్ని కొంచెం కొంచెంగా ఎదుర్కొనేలా చేసే సీబీటీ థెరపీ ఉంది, కళ్ళు అటూ ఇటూ కదిలిస్తూ చేసే ఈఎండీఆర్ ఉంది, రెండింటికీ ఆధారాలున్నాయి. చచ్చిపోవాలనిపిస్తే నెల ఆగడం కాదు, ఆ రోజే, ఆ గంటే ఎవరికైనా చెప్పాలి. "ప్రార్థన చేస్తే పోతుంది, డాక్టర్ ఎందుకు" అనేవాళ్ళు కాలు విరిగితే ఎక్కడికి వెళ్తారో నాకు తెలుసు.

దేవుడు ఎందుకు ఆపలేదు?

దీనికి సమాధానం నా దగ్గర ఉందని చెప్తే నన్ను నమ్మకండి, ఉందని చెప్పే ఇంకెవర్నీ నమ్మకండి.

మా ఇంటికి పరామర్శకి వచ్చిన ఒక పెద్దమనిషి, మతం విషయంలో చాలా గౌరవం ఉన్నాయన, మా అమ్మ ముందు కూర్చుని "అంతా ఆయన సంకల్పం తల్లీ, ఏం చేసినా మన మంచికే" అన్నారు. మా అమ్మ ఏమీ అనలేదు, లేచి లోపలికి వెళ్ళిపోయింది, ఆ తర్వాత ఆయన వచ్చినప్పుడల్లా ఆవిడకి ఒంట్లో బాగోలేదని చెప్పేవాళ్ళం. బాంబు పెట్టింది మనిషి. ప్లాన్ వేసింది మనిషి. ఆ సంకల్పాన్ని తీసుకెళ్ళి దేవుడి ఖాతాలో రాస్తే చంపినవాడి పని సులువైపోతుంది, వాడు కూడా అదే అంటాడు కదా, దేవుడి పనే చేశానని!

నాకు పనికొచ్చింది సమాధానం కాదు, ఈ ప్రశ్న అడగడం తప్పు కాదని తెలియడం. వంద మంది కొడుకుల్నీ పోగొట్టుకున్న గాంధారి కురుక్షేత్రంలో శవాల మధ్య నిలబడి, నువ్వు తలుచుకుంటే ఆపగలిగేవాడివి ఎందుకు ఆపలేదని సాక్షాత్తూ కృష్ణుణ్ణే నిలదీసి శపించింది, ఆయన ఆ శాపాన్ని కాదనలేదు, తీసుకున్నాడు. రామదాసు జైల్లో కూర్చుని రాముణ్ణి దులిపేశాడు, ఆయన్ని మనం భక్తుడనే అంటున్నాం ఇప్పటికీ. బైబిల్లో యోబు తన పిల్లలందరూ పోయాక నా తప్పేంటో చెప్పమని దేవుడితో వాదానికి దిగుతాడు, ఆయనకి నీతులు చెప్పిన స్నేహితుల మీదే చివరికి దేవుడికి కోపమొస్తుంది, యోబు మీద కాదు. సిలువ మీద యేసు కూడా నన్నెందుకు వదిలేశావనే అడిగాడు. ప్రవక్త ముహమ్మద్ గారు పసికొడుకు ఇబ్రహీం పోయినప్పుడు కన్నీళ్ళు పెట్టుకున్నారు, అదేంటి మీరు కూడానా అన్నట్టు పక్కనున్నవాళ్ళు ఆశ్చర్యపోతే అది కరుణ అన్నారు. ఇన్ని సంప్రదాయాల్లో ఇంతమంది ఏడ్చి, అరిచి, నిలదీసి కూడా నమ్మకం లోపలే ఉన్నారు, మనం బయటికి పోయామని ఎవరు చెప్పారు?

మత విశ్వాసం కష్టాల్లో ఎలా పనిచేస్తుందో దశాబ్దాలుగా చదివిన కెన్నెత్ పార్గమెంట్ అనే సైకాలజిస్టు రెండు రకాలుగా విడదీసి చెప్తాడు. దేవుడు నాతో ఉన్నాడు, నా వాళ్ళు నాతో ఉన్నారు అనుకునేవాళ్ళకి నమ్మకం ఊతకర్ర అవుతుంది. దేవుడు నన్ను శిక్షిస్తున్నాడు, వదిలేశాడు అన్నదాంట్లో ఇరుక్కుపోయిన వాళ్ళకి అదే నమ్మకం ఇంకా నొప్పి పెంచుతుంది. కాబట్టి కోపం రావడం సమస్య కాదు, "ఇది నాకు పడిన శిక్ష" అన్న ఆలోచన దగ్గర నెలల తరబడి ఆగిపోతే మాత్రం ఎవరితోనైనా మాట్లాడండి, తీర్పులు చెప్పని మనిషితో.

ప్రార్థన చెయ్యబుద్ధి కావట్లేదు. కూర్చున్నా మాటలు రావట్లేదు.

నాకు ఎనిమిది నెలలు రాలేదు. ఒక ముసలావిడ నాకు చెప్పిన చిట్కా, నీకు రాకపోతే వచ్చేవాళ్ళ పక్కన పోయి కూర్చో అని. వెనక వరసలో కూర్చునేవాణ్ణి, నోరు కదిపేవాణ్ణి కాదు, మధ్యలో లేచి వచ్చేసేవాణ్ణి కూడా. నా బదులు వాళ్ళు చేస్తున్నారులే అనుకునేవాణ్ణి. ఆ తర్వాత తెలిసింది, చాలా మతాల్లో శోకప్రార్థనలు ఒక్కళ్ళు చేసుకోవడానికి పెట్టినవి కావని. యూదుల కద్దిష్ అయితే సంప్రదాయం ప్రకారం కనీసం పదిమంది కూడితే గానీ చెప్పరు, పైగా అందులో చావు ప్రస్తావనే ఉండదట. దుఃఖంలో ఉన్నవాణ్ణి బలవంతంగా జనంలోకి లాగడానికే పెట్టారేమో అనిపిస్తుంది నాకు.

"దేవుడే నిన్ను కాపాడాడు" అంటున్నారు. మరి నా పక్కనున్న వాళ్ళని ఎందుకు కాపాడలేదు?

ఈ మాట అనేవాళ్ళకి చెడ్డ ఉద్దేశం ఉండదు, కానీ విన్నవాడికి ఇది ముల్లులా దిగుతుంది. బతికినందుకు సంతోషపడాలో సిగ్గుపడాలో తెలీదు. నేను ఆ సీట్లో కూర్చోమన్నాను కదా, నేను ఫోన్ చెయ్యకపోతే వాడు అప్పటికే వెళ్ళిపోయేవాడు కదా, ఇలా లెక్కలు మొదలవుతాయి. మా అన్నయ్యకి ఆ రోజు ఆలస్యం అవడానికి కారణం నేనే, ఓ చిన్న పని చెప్పా. ఈ వాక్యం ఇలా రాయగలగడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఈ అపరాధ భావాన్ని వాదించి గెలవలేం, "నీ తప్పు లేదు" అని వందసార్లు విన్నా లోపలికి పోదు. నాకు కొంచెం పనిచేసింది ఒకటే: ఆ రోజు నాకు తెలిసినంతలో నేనేం చేశానో ఒక కాగితం మీద, తర్వాత తెలిసినవి ఇంకో కాగితం మీద రాయడం. రెండో కాగితంలో ఉన్నవి మొదటి రోజు నాకు తెలియవు. అది నిజం, ఓదార్పు కోసం అనుకున్నది కాదు.

క్షమించాలా? క్షమించకపోతే నేను మంచి భక్తుణ్ణి కానా?

అందరూ ఎక్కువగా అడిగేది ఇదే, ఎక్కువ అన్యాయం జరిగేది కూడా ఇక్కడే.

2015 జూన్ 17న అమెరికాలోని చార్ల్‌స్టన్‌లో ఇమాన్యుయేల్ ఏఎమ్ఈ చర్చిలో బైబిల్ స్టడీకి వచ్చిన తొమ్మిది మంది నల్లజాతి వాళ్ళని, వాళ్ళ పక్కనే కాసేపు కూర్చుని మరీ ఒక శ్వేతజాతి దురహంకారి కాల్చి చంపాడు. రెండు రోజులకే కోర్టులో చనిపోయినవాళ్ళ కూతుళ్ళు, బంధువులు కొందరు లేచి నిన్ను క్షమిస్తున్నాం అన్నారు. ప్రపంచమంతా ఆ వీడియో చూసి కళ్ళు తుడుచుకుంది. కానీ అదే దాడిలో తమవాళ్ళని పోగొట్టుకున్న మరికొందరు మేం క్షమించలేదు, క్షమించే స్థితిలో లేమని చెప్పారు, ఆ వీడియో ఎవరూ షేర్ చెయ్యలేదు.

ఇంకో పేరు చెప్తా, జూలీ నికల్సన్. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్‌లో చర్చి పాస్టర్. 2005 జులై 7న లండన్‌లో రైళ్ళలో, బస్సులో జరిగిన దాడుల్లో 52 మంది చనిపోయారు, వాళ్ళలో ఈవిడ కూతురు ఒకరు. మర్నాటి ఏడాది ఆవిడ పాస్టర్ పని వదిలేశారు. క్షమాపణ గురించి, శాంతి గురించి జనానికి చెప్పే చోట నిలబడి, లోపల క్షమించలేకుండా ఆ మాటలు పలకడం తనవల్ల కాదని చెప్పారు. నాకు ఆవిడ మాట విన్నప్పుడు వచ్చిన ఊరట ఏ ప్రసంగమూ ఇవ్వలేదు. నోటితో ఒకటి మనసులో ఒకటి పెట్టుకుని దేవుడి ముందు నిలబడనని అనడం కూడా ఒక రకం భక్తేనేమో!

అటు వైపు బడ్ వెల్చ్ ఉన్నాడు. 1995 ఏప్రిల్ 19న ఓక్లహోమా సిటీలో ట్రక్కు బాంబుకి 168 మంది పోయారు, ఆయన 23 ఏళ్ళ కూతురు అందులో ఉంది. మొదట్లో విచారణ కూడా వద్దు, చంపేస్తే చాలు అనుకున్నాడు, తాగుడులో పడ్డాడు. తర్వాత ఎప్పుడో టీవీలో ఆ బాంబర్ తండ్రిని చూసి, ఆ ముఖంలో తన బాధే కనిపించి, 1998లో వాళ్ళింటికే వెళ్ళి కలిశాడు. బాంబర్‌కి మరణశిక్ష వద్దని ఊరూరా మాట్లాడాడు. ఇందులో గమనించాల్సింది, ఆయన్ని ఎవరూ తోయలేదు, ఆయన టైం ఆయన తీసుకున్నాడు, మూడేళ్ళు పట్టింది. జో బెర్రీ అనే ఆవిడకి ఇంకా ఎక్కువ. 1984లో ఇంగ్లండ్‌లోని బ్రైటన్ హోటల్ బాంబులో తండ్రి పోతే, ఆ బాంబు పెట్టిన పాట్రిక్ మెగీని ఆవిడ కలిసింది 2000లో.

నా అభిప్రాయం అడిగితే: క్షమించడం, రాజీపడటం, శిక్ష వద్దనడం మూడూ వేరు వేరు. కోర్టులో సాక్ష్యం చెప్పి, శిక్ష పడాలని కోరుకుంటూనే లోపల పగ దించేసుకోవచ్చు. అసలు దించకుండా కూడా మంచి మనిషిగా బతకొచ్చు. నేను క్షమించానా అంటే, కొన్ని రోజులు అవును, కొన్ని రోజులు కాదు.

దాడి చేసినవాళ్ళ మతం వాళ్ళు కనిపిస్తే ఒళ్ళు మండుతోంది. తప్పా?

మండటం తప్పు కాదు, ఒంటికి భయం నేర్పారు కాబట్టి అది అందర్నీ అనుమానిస్తోంది. ఆ మంటని తీసుకెళ్ళి పక్కింటివాడి మీద పెడితేనే తప్పు. దాడి చేసేవాడికి కావాల్సింది చావులు మాత్రమే అయితే అంత జనం ఉన్న చోటు, కెమెరాలున్న చోటు వెతుక్కోడు, చూసినవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అనుమానించుకోవాలి, అది వాడికి కావాలి.

లండన్ దాడిలోనే గిల్ హిక్స్ అనే ఆవిడ రెండు కాళ్ళు మోకాళ్ళ కింద పోగొట్టుకుంది. ఆస్పత్రికి తెచ్చినప్పుడు ఆవిడెవరో ఎవరికీ తెలీదు, పేరు లేని మనిషి అని ట్యాగ్ కట్టారు. ఆడ, మగ కూడా చెప్పలేని స్థితిలో, మతం జాతి ఏదీ చూడకుండా పరాయి మనుషులు ప్రాణాలకి తెగించి తనని లాగారని, ఆ సంగతి తన బతుకునే మార్చేసిందని ఆవిడ చెప్తారు. తర్వాత శాంతి కోసం ఒక సంస్థ పెట్టుకున్నారు. ఆ సొరంగంలో ఒకడు వాళ్ళెవరో చూడకుండా చంపాడు, ఇంకొంతమంది వాళ్ళెవరో చూడకుండానే కాపాడారు. నేను ఈ రెండో వాళ్ళ గురించి ఎక్కువ ఆలోచించడం అలవాటు చేసుకున్నా, మొదట్లో బలవంతంగానే.

2018 అక్టోబర్ 27న పిట్స్‌బర్గ్‌లో ట్రీ ఆఫ్ లైఫ్ యూదుల ప్రార్థనామందిరంలో 11 మందిని కాల్చేస్తే అంత్యక్రియల ఖర్చుల కోసం అమెరికా ముస్లింలు 2 లక్షల డాలర్లకి పైగా పోగుచేశారు. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ ఊళ్ళో రెండు మసీదుల్లో 51 మందిని చంపితే వారానికి, శుక్రవారం నమాజుకి, మసీదు ఎదురుగా హాగ్లీ పార్కులో వేల మంది వేరే మతాల వాళ్ళు వచ్చి వెనక నిలబడ్డారు. సెప్టెంబర్ 11 దాడుల్లో కొడుకుని పోగొట్టుకున్న ఫిలిస్ రోడ్రిగెజ్, ఆ దాడుల కేసులో శిక్షపడిన జకారియా మౌసావి తల్లి ఐషా స్నేహితురాళ్ళయ్యారు. ఇద్దరూ తల్లులే కదా.

దాడి మా ప్రార్థనామందిరంలోనే జరిగింది. మళ్ళీ అక్కడికి వెళ్ళాలా?

వెళ్ళాలనిపించినప్పుడు. చార్ల్‌స్టన్ చర్చి నాలుగు రోజులకే, ఆ ఆదివారమే తలుపులు తెరిచింది. శ్రీలంకలో 2019 ఏప్రిల్ 21, ఈస్టర్ రోజు చర్చిల్లో, హోటళ్ళలో బాంబులు పేలాక మరుసటి ఆదివారం చర్చిలు మూసేసి ఉంటే కార్డినల్ మాల్కం రంజిత్ తన నివాసం నుంచే పూజ చేసి టీవీలో ఇచ్చారు, జనం ఇళ్ళలో కూర్చుని చూశారు. కొలంబోలో దెబ్బతిన్న సెయింట్ ఆంథనీ చర్చి జూన్‌లో గానీ పూర్తిగా తెరవలేదు. ఎవరి దారి వాళ్ళది.

భయం విషయంలో ఒక ప్రాక్టికల్ మాట: తప్పించుకున్నకొద్దీ ఆ చోటు పెద్దదవుతూ ఉంటుంది. ఒక్కసారిగా లోపలికి వెళ్ళక్కర్లేదు, మొదట ఆ వీధి చివర దాకా, ఇంకో రోజు గేటు దాకా, జనం లేనప్పుడు ఒకసారి, తోడు ఒకరిని తీసుకుని. అక్కడ గుండె దడ మొదలైతే కాళ్ళు నేలకి గట్టిగా ఆనించి చుట్టూ కనిపించే ఐదు వస్తువుల పేర్లు లోపల చెప్పుకోండి, వినిపించే శబ్దాలు లెక్కపెట్టండి, ఊపిరి వదలడం తీసుకోవడం కంటే నిదానంగా చెయ్యండి. పిచ్చిగా అనిపిస్తుంది గానీ పనిచేస్తుంది. వెళ్ళినప్పుడు బయటికి దారి దగ్గర కూర్చోవాలనిపిస్తే కూర్చోండి, దేవుడు ఏమీ అనుకోడు.

టీవీ, ఫోన్ ఆపలేకపోతున్నా.

ఆపండి. 2013లో బోస్టన్ మారథాన్ బాంబుల తర్వాత చేసిన ఒక స్టడీలో, ఆ వారంలో రోజుకి 6 గంటలు, అంతకంటే ఎక్కువ ఆ వార్తలు చూసినవాళ్ళకి, స్వయంగా అక్కడున్నవాళ్ళకంటే కూడా ఎక్కువ ఒత్తిడి లక్షణాలు కనిపించాయి. దాడి వీడియో మీ దాకా వస్తే చూడకండి, పంపకండి, అందులో ఎవరి బిడ్డో ఉంటాడు. మా అన్నయ్య ఫొటో ఒకటి అలాగే తిరిగింది, ఇంతకంటే ఏం చెప్పలేను.

పిల్లలకి ఏం చెప్పాలి?

నిజం, పొట్టిగా, వాళ్ళు అడిగినంత. "నిద్రపోయాడు", "ఊరెళ్ళాడు" అనొద్దు, నిద్రంటేనే భయపడతారు, లేదా ఎదురుచూస్తూ కూర్చుంటారు. "ఒకడు చాలా చెడ్డ పని చేశాడు, బాబాయ్ చనిపోయాడు, చనిపోతే తిరిగి రారు, నువ్వేం చెయ్యడం వల్ల కాదు, మేం నీతో ఉన్నాం." ఇవే మాటలు పదిసార్లు అడుగుతారు, పదిసార్లు చెప్పాలి. పక్క తడపడం మళ్ళీ మొదలవచ్చు, బొమ్మలతో పేలుడు ఆట ఆడొచ్చు, కంగారుపడకండి. తగ్గకుండా వారాల తరబడి ఉంటే చూపించండి. "దేవుడికి మంచివాళ్ళంటే ఇష్టం, అందుకే తీసుకెళ్ళాడు" అని మాత్రం పిల్లలతో అస్సలు అనకండి, మా మేనకోడలు ఆ మాట విని అప్పటినుంచి అల్లరి మొదలుపెట్టింది, మంచిగా ఉంటే తననీ తీసుకెళ్తాడని.

నాకు దేవుడి మీద నమ్మకం ముందు నుంచీ లేదు. ఈ పేజీ నాకు పనికొస్తుందా?

వస్తుంది. ఇక్కడ నమ్మకం అంటే నేను ఎక్కువ మాట్లాడేది మనిషి మీద నమ్మకం గురించే. పక్క సీట్లో తెలియని మనిషి బ్యాగ్ పెట్టి దిగిపోతే గొంతు ఎండకుండా "మీ బ్యాగ్ మర్చిపోయారు" అని పిలవగలగడం, అది తిరిగి రావాలి ముందు. దేవుడున్నాడనేవాళ్ళకైనా లేడనేవాళ్ళకైనా ఆ పని ఒకటే.

ఇంకో సంగతి, సెప్టెంబర్ 11 తర్వాత ఐదు రోజుల్లోపు అమెరికాలో ఫోన్ సర్వే చేస్తే 90 శాతం మంది ప్రార్థన, మతం వైపు తిరిగామన్నారు, 98 శాతం మంది ఇతరులతో మాట్లాడామన్నారు. చర్చిలకి పోటెత్తిన ఆ జనం కొన్ని నెలలకి మళ్ళీ మామూలైపోయారు. భయంతో వచ్చిన భక్తి భయంతో పాటే పోతుంది, అది పోయిందని కుంగిపోవాల్సిన పనిలేదు, వచ్చిందని గొప్పలు పోవాల్సిన పనీ లేదు.

"ఈ కష్టం నిన్ను ఇంకా గట్టి మనిషిని చేస్తుంది" అంటున్నారు. నిజమేనా?

కొంతమందిలో కొన్ని మార్పులు వస్తాయి, నిజమే. టెడెస్కీ, కాల్‌హూన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1990ల్లో దీనికి ఓ పేరు కూడా పెట్టారు, దెబ్బ తర్వాతి ఎదుగుదల అన్న అర్థంలో. మనుషులు దగ్గరవడం, చిన్నవాటి విలువ తెలియడం, నమ్మకం లోతవడం లాంటివి. కానీ వాళ్ళు కూడా బాధ మంచిదని చెప్పలేదు, ఎదుగుదల, బాధ రెండూ ఒకే మనిషిలో పక్కపక్కనే ఉంటాయన్నారు. ఆ ఎదుగుదల వెనక్కిచ్చేస్తా మా అన్నయ్యని ఇచ్చేయండి అంటే తీసుకునేవాళ్ళు ఎవరూ లేరు కదా, అందుకని ఉంచుకున్నాం.

న్యూయార్క్‌లో ట్విన్ టవర్స్ శిథిలాల్లో 2001 అక్టోబర్‌లో ఒక చెట్టు దొరికింది, కాలిపోయి, కొమ్మలు విరిగి, వేళ్ళు తెగి. నర్సరీకి తీసుకెళ్ళి పెంచి 2010లో మళ్ళీ అక్కడే నాటారు. విరిగిన మొద్దు బెరడు గరుకుగా అలాగే ఉంది, దాన్నుంచి వచ్చిన కొత్త కొమ్మలు నున్నగా ఉంటాయి, ఎక్కడ ఆగి ఎక్కడ మొదలైందో చూడగానే తెలిసిపోతుంది.

ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తోంది. ఊరికే కూర్చోలేకపోతున్నా.

చెయ్యండి, కానీ అది దుఃఖానికి బదులు కాదు. 2017 మే 22న మాంచెస్టర్ అరీనాలో 22 మంది పోయిన దాడిలో కొడుకుని పోగొట్టుకున్న ఫిగెన్ మర్రే, జనం గుమిగూడే చోట్ల భద్రత ఏర్పాట్లు తప్పనిసరి చేసే చట్టం కోసం ఏళ్ళ తరబడి తిరిగారు, 2025 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో అది చట్టమైంది, ఆ అబ్బాయి పేరుతోనే జనం దాన్ని మార్టిన్ చట్టం అంటారు. అందరం చట్టాలు తేలేం. రక్తం ఇవ్వడం, ఇంకో కుటుంబానికి ఆస్పత్రి కాగితాలు, కోర్టు కాగితాలు నింపి పెట్టడం కూడా పనే. 2007లో హాబ్‌ఫోల్ అనే ఆయన, సహచరులు కలిసి, సామూహిక విషాదాల తర్వాత జనానికి కావాల్సినవి ఐదు తేల్చారు: భద్రత అనిపించడం, మనసు కుదుటపడటం, మనం ఏదైనా చెయ్యగలం అన్న భావం, మనుషులతో కలిసి ఉండటం, ఆశ. ఈ చెయ్యగలం అన్నది ఉంది చూశారా, బాధితుల్ని మంచం మీద కూర్చోబెట్టి అన్నీ మనమే చేసిపెడితే అదే పోతుంది.

పక్కనున్నవాళ్ళం. మేం ఏం మాట్లాడాలి?

తక్కువ. పోయినవాళ్ళ పేరు పలకండి, జ్ఞాపకం ఉంటే చెప్పండి. "ఏమైనా కావాలంటే అడుగు" అనకండి, ఎవరూ అడగరు, "గురువారం సాయంత్రం వచ్చి పిల్లల్ని తీసుకెళ్తా" అనండి. మూడో నెలలో రండి, ఏడో నెలలో రండి, అప్పటికి అందరూ మానేసి ఉంటారు. నార్వేలో 2011 జులై 22న ఓస్లోలో, ఉటోయా దీవిలో 77 మంది చనిపోయాక, బతికినవాళ్ళు సాయం కోసం తిరగకుండా స్థానిక సంస్థలే ఒక్కో కుటుంబానికి ఒక మనిషిని పెట్టి, కనీసం ఏడాది పాటు వాళ్ళే వెళ్ళి పలకరించేలా ఏర్పాటు చేశాయి. దేశం చేసినదాన్ని నలుగురు స్నేహితులు వంతులు వేసుకుని చెయ్యొచ్చు.

ఎన్నాళ్ళకి మామూలవుతా?

మొదటి ఏడాది తేదీలు కొడతాయి, పుట్టినరోజు, పండగ, ఆ తేదీ. ముందే ప్లాన్ చేసుకోండి, ఆ రోజు ఎక్కడ ఉండాలి, ఎవరితో ఉండాలి, ఫోన్ ఆపాలా వద్దా. ఆగస్టు 21ని ఐక్యరాజ్యసమితి ఉగ్రవాద బాధితుల స్మారక దినంగా 2018 నుంచి పాటిస్తోంది, ఆ రోజు ప్రపంచంలో మీలాంటివాళ్ళు ఎంతమందో కనిపిస్తారు, కొంతమందికి అది ఊరట, కొంతమందికి భరించలేనిది. ఏడాది దాటాక కూడా ప్రతిరోజూ మొదటి రోజులాగే ఉండి, పోయినవాళ్ళ ధ్యాస తప్ప ఇంకేదీ చెయ్యలేకపోతుంటే దాన్ని ఇప్పుడు డాక్టర్లు ప్రత్యేకంగా గుర్తిస్తున్నారు, దానికి వేరే చికిత్స ఉంది. మర్చిపోవడం కోసం కాదు, మోస్తూ నడవడం కోసం.

మీకు నమ్మకం తిరిగొచ్చిందా?

పాతది రాలేదు. చిన్నప్పుడు ఉండేది చూడండి, మనం మంచిగా ఉంటే మనకేం కాదన్న నమ్మకం, అది ఆ రోజే పోయింది, దాని కోసం ఎదురుచూడటం మానేశా.

పోయినేడాది ఒక స్టేషన్‌లో నా పక్కన కూర్చున్న అబ్బాయి పెద్ద బ్యాగ్ నా కాళ్ళ దగ్గర పెట్టి, "అన్నా, కొంచెం చూస్తుండండి, నీళ్ళు తెచ్చుకుంటా" అని వెళ్ళాడు. నాలుగు నిమిషాలు. చెమట్లు పట్టాయి, బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నా, మా అన్నయ్యతో మాట్లాడుకున్నా, దేవుడితో కూడా మాట్లాడుకున్నాననుకుంటా. లేవలేదు మాత్రం. అబ్బాయి వచ్చాడు, రెండు బాటిళ్ళు తెచ్చాడు, ఒకటి నాకిచ్చాడు.